ఆ 1,500 గజాలు ఏ షిప్‌వి? ఫిట్జెరాల్డ్ – ఏసీఎక్స్ క్రిస్టల్ కేస్ స్టడీ

2017 జూన్ 17, జపాన్ టైం రాత్రి 1:30. యోకోసుకాకి నైరుతిగా దాదాపు 56 నాటికల్ మైళ్ళ దూరంలో అమెరికా నేవీ డిస్ట్రాయర్ యూఎస్ఎస్ ఫిట్జెరాల్డ్‌ని ఏసీఎక్స్ క్రిస్టల్ అనే ఫిలిప్పీన్స్ జెండా కంటైనర్ షిప్ కుడివైపు గుద్దింది. నీటిమట్టం కింద సుమారు 13 అడుగులకి 17 అడుగుల కన్నం పడింది. ఆ కన్నం వెనకాలే సిబ్బంది పడుకునే గది, అందులో 35 మంది నిద్రలో ఉన్నారు, 28 మంది బయటపడ్డారు, ఏడుగురు బయటకి రాలేకపోయారు.

ఈ కేసు మీద చాలా రాశారు, ఎక్కువగా ట్రైనింగ్, నిద్రలేమి, నేవీ క్రమశిక్షణ, ఈ కోణాల్లోనే. నేను చాలా ఏళ్ళు సెకండ్ ఆఫీసర్‌గా పన్నెండు–నాలుగు వాచ్ (పన్నెండు నుంచి నాలుగు దాకా బ్రిడ్జి డ్యూటీ) చేసినవాణ్ణి, ఇప్పుడు ఒడ్డు మీద షిప్ ట్రాకింగ్, పొజిషన్ ప్రిడిక్షన్ సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నా, అందుకని నాకు ఇందులో కనబడేది ఇంకొకటి. ఆ రాత్రి ఫిట్జెరాల్డ్ బ్రిడ్జి (షిప్‌ని నడిపే గది) మీద ప్రిడిక్షన్ ఉంది. వాచ్ మీదున్న ఆఫీసర్ దగ్గర ఒక నంబర్ ఉంది, 1,500 గజాల దూరంలో దాటిపోతుంది అని. ఆ నంబర్ క్రిస్టల్‌ది కాదు. ఇంకో షిప్ తాలూకు దూరాన్ని క్రిస్టల్‌కి అంటగట్టి చూశారు. నేవీ 2017 నవంబర్‌లో బయటపెట్టిన రిపోర్టులో ఇది స్పష్టంగా ఉంది, ఆఫీసర్ క్రిస్టల్‌ని అంతకంటే ఎక్కువ దూరంలో దాటే మరో షిప్ అనుకున్నారు అని. మా ట్రాకింగ్ వాళ్ళ భాషలో దీన్ని అసోసియేషన్ ఎర్రర్ అంటాం, అంటే కొలత సరిగ్గానే వచ్చింది కానీ తప్పు ట్రాక్‌కి, అంటే వేరే షిప్ కదలిక రికార్డుకి, అతికింది. నా ఉద్దేశంలో ఈ కేసుకి మూలం అక్కడే ఉంది.

సీన్ ఏంటంటే

ఫిట్జెరాల్డ్ 16వ తేదీన యోకోసుకా నుంచి బయల్దేరింది. రాత్రి 11 ప్రాంతంలో కమాండింగ్ ఆఫీసర్ బ్రిడ్జి దిగి తన క్యాబిన్‌కి వెళ్ళారు. షిప్ కోర్సు 190, స్పీడు 20 నాట్లు, అంటే దాదాపు దక్షిణానికి పోతోంది. సముద్రం శాంతంగా ఉంది, అలలు రెండు నుంచి నాలుగు అడుగులు, మబ్బులు అక్కడక్కడ, చంద్రుడి వెలుగు బాగానే ఉంది. పొగమంచు లేదు, తుఫాను లేదు, అంటే వాతావరణం మీద తోయడానికి ఏమీ లేదు.

క్రిస్టల్ నగోయా నుంచి టోక్యోకి పోతోంది, పొడవు 222 మీటర్లు, స్పీడు 18.5 నాట్లు. దాని వాచ్ మీద ఉన్నది కూడా నాలాగా సెకండ్ ఆఫీసరే. దానికి దగ్గర్లో దాదాపు అదే దిశలో ఇంకో రెండు కంటైనర్ షిప్‌లు కూడా తూర్పుకి పోతున్నాయి, వాన్ హై 266, మెయిర్స్క్ ఎవోరా. ఒకటి ముందు, ఒకటి వెనక, స్పీడ్లు కాస్త అటూ ఇటూ. అంటే ఫిట్జెరాల్డ్ నుంచి చూస్తే కుడిచేతి ముందువైపు మూడు షిప్‌లు, ఒకేరకం తెల్ల లైట్లు, ఒకే వైపు ఎర్ర లైటు, దాదాపు ఒకే కోర్సు. ట్రాకింగ్ చేసేవాడికి ఇంతకంటే కష్టమైన అమరిక ఉండదు. అడ్డదిడ్డంగా పోయే ఇరవై షిప్‌లని వేరువేరుగా గుర్తుపట్టడం తేలిక, ఎందుకంటే ఏ రెండూ ఒకలా కదలవు. సమాంతరంగా పోయే మూడింటిని విడదీయడమే కష్టం.

రూల్స్ ప్రకారం ఇందులో అనుమానమే లేదు. కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే షిప్‌కి దారి ఇవ్వాల్సింది మనం, కాలిషన్ రెగ్యులేషన్స్‌లో 15వ రూలు. మూడింటికీ ఫిట్జెరాల్డే దారి ఇవ్వాలి. దానికి ముందు, 1:08 ప్రాంతంలో, అదే ఫిట్జెరాల్డ్ ఇంకో షిప్ ముక్కు ముందు నుంచి దాదాపు 650 గజాల దూరంలో దాటేసింది, అయినా కమాండింగ్ ఆఫీసర్‌కి ఫోన్ పోలేదు. 650 గజాలంటే 600 మీటర్లు కూడా లేదు. 20 నాట్ల స్పీడులో రాత్రిపూట అది చాలా దగ్గర.

ఇక నిమిషాల వారీగా చూస్తే, 1:10 ప్రాంతంలో క్రిస్టల్ మీద రాడార్ ట్రాక్ పెట్టబోయారు, పెట్టలేకపోయారు. 1:20కి జూనియర్ ఆఫీసర్ క్రిస్టల్‌ని కంటితో చూసి, ఇది మన దారికి అడ్డం వస్తోంది అని చెప్పారు. సీనియర్, అంటే వాచ్ మీదున్న ఆఫీసర్, మాత్రం 1,500 గజాల్లో దాటుతుందనే నమ్మకంలో ఉండిపోయారు. 1:22కి జూనియర్ మళ్ళీ చూసి స్పీడు తగ్గిద్దాం అన్నారు, తగ్గిస్తే చుట్టూ ఉన్న షిప్‌ల లెక్క ఇంకా గజిబిజి అవుతుందని జవాబు. 1:25కి క్రిస్టల్ వేగంగా దగ్గరకొస్తోందని అర్థమైంది, 1:27కి కుడికి తిప్పమని ఆర్డర్ ఇచ్చి నిమిషంలోపే రద్దు చేశారు, తర్వాత ఫుల్ స్పీడు, ఎడమకి గట్టిగా తిప్పు అన్నారు, అది కూడా వెంటనే అమలు కాలేదు, 1:29కి బోసన్ మేట్ (బ్రిడ్జి మీది సీనియర్ నావికుడు) స్టీరింగ్ తను తీసుకుని తిప్పాడు, 1:30:34కి దెబ్బ తగిలింది.

రాడార్ వైపు నుంచి

ప్రిడిక్షన్ అంటే ఏదో మాయ కాదు. ఆర్పా, అంటే రాడార్‌లో షిప్‌లని వెంబడించి లెక్కలు వేసే భాగం, ఏం చేస్తుందంటే, ఒక టార్గెట్‌ని పట్టుకుని, యాంటెన్నా తిరిగిన ప్రతిసారీ దాని ఎకో ఎక్కడ పడిందో చూసి, అందులోంచి కోర్సు, స్పీడు తీసి, ఇది ఇలాగే పోతే మనకి అతి దగ్గరగా ఎంత దూరంలో వస్తుంది, ఎప్పుడొస్తుంది అని లెక్కేస్తుంది. మొదటిది సీపీఏ, రెండోది టీసీపీఏ. ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ) ప్రమాణం ప్రకారం టార్గెట్ పట్టాక ఒక నిమిషంలో కదలిక ధోరణి చూపించాలి, మూడు నిమిషాల్లో నిలకడైన ప్రిడిక్షన్ ఇవ్వాలి. ఈ మూడు నిమిషాలనేది చాలా మంది కుర్ర ఆఫీసర్లు మర్చిపోయేది, టార్గెట్ మీద క్లిక్ చేసిన పది సెకన్లకి వచ్చే వెక్టర్ చూసి "సాబ్, క్లియర్" అనేస్తారు. అప్పటికి ఆ ఫిల్టర్ ఇంకా కుదురుకోలేదు, దానికి దొరికిన నాలుగు చుక్కల్లోంచి ఏదో గీత గీసింది, అంతే.

ఇదంతా జరగాలంటే ముందు టార్గెట్ పట్టాలి. ఫిట్జెరాల్డ్‌లో 1:10కి అది జరగలేదు. రాడార్లు పరిస్థితికి తగ్గట్టు ట్యూన్ చేసి లేవని, వాచ్ చేసేవాళ్ళకి రాడార్ మూల సూత్రాల మీదే పట్టు లేదని నేవీ రిపోర్టే చెప్పింది. గెయిన్ (ఎకోని పెంచేది), సీ క్లట్టర్ (అలల ఎకోని కోసేది), పల్స్ లెంగ్త్ (పంపే తరంగం నిడివి), ఈ మూడు సరిగ్గా లేకపోతే స్క్రీన్ మీద ఎకో ఒక తిప్పుకి కనబడుతుంది, ఇంకో తిప్పుకి మాయమవుతుంది, అలా వచ్చిపోయే ఎకో మీద ట్రాకర్ నిలబడదు. ట్రాక్ నిలబడకపోతే ఆ షిప్‌కి సీపీఏ అనేదే ఉండదు. స్క్రీన్ మీద పక్క షిప్‌కి మాత్రం చక్కగా ట్రాక్ ఉంది, దాని పక్కన నంబర్ ఉంది. మనిషి కన్ను బయట ఒక లైటు చూస్తుంది, లోపల ఒక నంబర్ చూస్తుంది, రెంటినీ కలిపేస్తుంది. ఖాళీ అనేది కంటికి కనబడదు కదా, ట్రాక్ లేని షిప్ "ట్రాక్ లేదు" అని అరవదు.

మెషీన్ లోపల అసోసియేషన్ చేయడానికి పద్ధతి ఉంది. టార్గెట్ తర్వాతి తిప్పుకి ఎక్కడ ఉండొచ్చో ముందే అంచనా వేసి, దాని చుట్టూ చిన్న గేటు పెట్టి, గేటులో పడ్డ ఎకోని మాత్రమే తీసుకుంటుంది. రెండు షిప్‌లు బాగా దగ్గరికొస్తే గేట్లు ఒకదాని మీద ఒకటి పడి ట్రాక్ ఒక షిప్ మీద నుంచి పక్క షిప్ మీదకి దూకొచ్చు, దాన్ని టార్గెట్ స్వాప్ అంటారు, మాన్యువల్‌లోనే హెచ్చరిక రాసి ఉంటుంది. కానీ స్క్రీన్ మీది ట్రాక్‌కీ కిటికీలోంచి కనబడే లైటుకీ మధ్య అసోసియేషన్ చేసేది మనిషే, దానికి గేటూ లేదు, హెచ్చరికా లేదు. ఫిట్జెరాల్డ్‌లో విరిగింది ఈ రెండో లంకె.

అది కాక నాకు మరీ బాధగా అనిపించే వాక్యం ఆ రిపోర్టులో ఇంకొకటుంది: కంటితో చూసే లుకౌట్ డ్యూటీ ఎడమ వైపు మాత్రమే పెట్టారు, మూడు షిప్‌లు వస్తున్న కుడి వైపు లుకౌట్ లేడు. కింద కంబాట్ ఇన్ఫర్మేషన్ సెంటర్లో ఇంకో రాడార్, ఇంకో టీమ్ ఉంది, బ్రిడ్జికీ వాళ్ళకీ మాటల్లేవు. రెండు స్వతంత్రమైన చూపులు ఉండాల్సిన చోట ఒక్క చూపే మిగిలింది, అదీ తప్పు షిప్ మీద.

ఏఐఎస్ వాడి ఉంటే ఏమయ్యేది

ఏఐఎస్ అంటే షిప్ తన పేరు, పొజిషన్, కోర్సు రేడియోలో ప్రసారం చేసే పరికరం. క్రిస్టల్ ఏఐఎస్ ఆన్‌లోనే ఉంది. క్లాస్ ఏ ఏఐఎస్ 14 నుంచి 23 నాట్ల మధ్య నేరుగా పోతుంటే 6 సెకన్లకోసారి పొజిషన్ పంపుతుంది, తిరుగుతుంటే 2 సెకన్లకోసారి. ప్రతి మెసేజ్‌లో ఆ షిప్ ఐడెంటిటీ నంబర్ ఉంటుంది. ఇదే అసలు సంగతి. రాడార్ ఎకోకి పేరు ఉండదు, ఏఐఎస్ చుక్కకి పేరు ఉంటుంది. స్క్రీన్ మీద మూడు చుక్కలు, మూడు పేర్లు, మూడు సీపీఏలు ఉన్నప్పుడు ఒకదాని నంబర్ ఇంకోదానికి అంటగట్టడం చాలా కష్టం. అసోసియేషన్ సమస్యకి ఏఐఎస్ కంటే చవకైన మందు లేదు. నేవీ రిపోర్టు ప్రకారం ఆ టీమ్ ఏఐఎస్‌ని వాడుకోలేదు.

క్రిస్టల్ వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. యుద్ధనౌకలకి సోలాస్ (సముద్రంలో ప్రాణభద్రత ఒప్పందం) ఐదో చాప్టర్ వర్తించదు, కాబట్టి ఏఐఎస్ ప్రసారం తప్పనిసరి కాదు, ఫిట్జెరాల్డ్ ప్రసారం చేయడం లేదు. అంటే క్రిస్టల్ సెకండ్ ఆఫీసర్ స్క్రీన్ మీద ఫిట్జెరాల్డ్‌కి పేరు లేదు, కోర్సు లేదు, హెడింగ్ లేదు, ఉంటే ఒక రాడార్ ఎకో, అది కూడా ఎకో తక్కువ వచ్చేలా కట్టిన షిప్‌ది. 2020లో వచ్చిన ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) రిపోర్టు అసలు కారణం ఫిట్జెరాల్డ్ బ్రిడ్జి టీమ్ ముందుగా, గట్టిగా తప్పించుకోకపోవడమే అంది, దాంతోపాటు ఏఐఎస్ ప్రసారం చేయకపోవడాన్నీ, క్రిస్టల్ వాచ్ ఆఫీసర్ నేవీ షిప్‌ని ముందే పసిగట్టకపోవడాన్నీ, అనుమానం వచ్చాక కూడా చాలినంత చర్య తీసుకోకపోవడాన్నీ కలిపింది. ఈ పంపకం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఈ ఘటన తర్వాత రద్దీ దారుల్లో ఏఐఎస్ ప్రసారం చేయమని నేవీ తన షిప్‌లకి చెప్పింది.

కానీ ఏఐఎస్‌ని కూడా కళ్ళు మూసుకుని నమ్మే పని లేదు, రోజూ దాని డేటా మీద బతికేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. పొజిషన్ అవతలి షిప్ జీపీఎస్ చెప్పింది, ఆ జీపీఎస్‌ని ఎవరన్నా జామ్ చేసినా మోసం చేసినా ఆ తప్పు నేరుగా మన స్క్రీన్ మీదకి వస్తుంది, రాడార్ మాత్రం మన షిప్ నుంచి మనమే కొలిచిన దూరం. స్టేటస్ మనుషులు చేత్తో మార్చేది, లంగరు ఎత్తి రెండు గంటలైనా "యాట్ యాంకర్" అని చూపించే షిప్‌లు ఎన్నో. పైగా పొజిషన్ అంటే యాంటెన్నా ఉన్న చోటు. బ్రిడ్జి వెనక వైపు ఉండే 220 మీటర్ల షిప్‌లో యాంటెన్నా నుంచి ముక్కుకి 150 మీటర్ల పైనే ఉంటుంది, యాంటెన్నాకీ యాంటెన్నాకీ మధ్య సీపీఏ 100 మీటర్లు అని వస్తే అది దాటిపోవడం కాదు, గుద్దుకోవడమే. ఆ కొలతలు ఏఐఎస్ స్టాటిక్ మెసేజ్‌లో వస్తాయి, చాలా సాఫ్ట్‌వేర్లు వాటిని తీసుకుంటాయి కానీ సీపీఏ లెక్కలో వాడవు.

ఇంకోటి, ఈ ఫీల్డులోకి కొత్తగా వచ్చే డేటా వాళ్ళ కోసం. ఏఐఎస్ పొజిషన్ మెసేజ్‌లో పూర్తి టైం ఉండదు, సెకండ్ మాత్రమే ఉంటుంది, 0 నుంచి 59. గంట, నిమిషం రిసీవర్ వేసేది. నెట్‌వర్క్‌లో ఆలస్యమై వచ్చిన మెసేజ్‌కి వచ్చిన టైం వేసేస్తే షిప్ వెనక్కి దూకినట్టు, మళ్ళీ ముందుకి దూకినట్టు ట్రాక్ వస్తుంది, 20 నాట్ల షిప్‌కి ఒక నిమిషం తేడా అంటే 600 మీటర్ల పైమాట. అదే ఫీల్డులో 60 వస్తే టైం స్టాంప్ లేదని, 62 వస్తే ఆ పొజిషన్ జీపీఎస్‌ది కాదు, డెడ్ రెకనింగ్‌తో, అంటే పాత పొజిషన్, కోర్సు, స్పీడు బట్టి, ఊహించిందని, 63 వస్తే పొజిషన్ సిస్టమ్ పనిచేయట్లేదని అర్థం. నేను చూసిన కోడ్‌లో సగం పైగా ఈ ఫీల్డుని పారేస్తాయి. హెడింగ్ 511 అంటే హెడింగ్ అందుబాటులో లేదని, దాన్ని డిగ్రీలనుకుని లెక్కేసినవాళ్ళనీ చూశా.

లెక్క వేసి చూద్దాం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఈ కేసులో నాకు ముఖ్యమైనది ఇదే. ఫిట్జెరాల్డ్ 20 నాట్లు, క్రిస్టల్ 18.5 నాట్లు, ఇద్దరి కోర్సుల మధ్య కోణం సుమారు 120 డిగ్రీలు అని పెట్టుకుని నేను వేసిన లెక్క, రిపోర్టులోది కాదు. ఒకదాని దృష్టిలో ఇంకోటి దగ్గరకొచ్చే స్పీడు 33 నాట్ల పైనే వస్తుంది. అంటే నిమిషానికి కిలోమీటరు చొప్పున దూరం కరుగుతోంది. జూనియర్ ఆఫీసర్ మొదటిసారి చెప్పిన 1:20కి మధ్య దూరం ఆరు మైళ్ళ లోపే (మైలంటే ఇక్కడ నాటికల్ మైలే). 1:25కి మూడు మైళ్ళు. నమ్ముకున్న 1,500 గజాలు, అంటే ముప్పావు మైలు, ఈ స్పీడు దగ్గర నిమిషమున్నర కూడా కాదు.

సరే, ఒకవేళ ట్రాక్ సరైన షిప్ మీదే ఉండి, అవతలి కోర్సు అంచనాలో 5 డిగ్రీలు తేడా వచ్చిందనుకుందాం, కుదురుకోని ట్రాక్‌లో ఇది మామూలే. పది నిమిషాల ముందు ఆ తేడా సీపీఏలో దాదాపు 430 మీటర్లు అవుతుంది. స్పీడు అంచనాలో ఒక నాట్ తేడా అయితే ఇంకో 150 మీటర్ల చిల్లర. అంటే పూర్తిగా నిజాయితీగా ట్రాక్ చేసినా ఆ 1,500 గజాల చుట్టూ అటూ ఇటూ నాలుగైదు వందల మీటర్ల మబ్బు ఉంటుంది. స్క్రీన్ మాత్రం దాన్ని 0.74 అని రెండు దశాంశాలతో చూపిస్తుంది. ఆ దశాంశాలు జనాన్ని ముంచుతాయి.

ఇప్పుడు పాతకాలం పద్ధతి. బేరింగ్ రిపీటర్ (దిక్సూచి డయల్) మీద అజిమత్ సర్కిల్ అనే గురిచూసే పరికరం పెట్టి లైటు బేరింగ్, అంటే అది ఏ దిశలో ఎన్ని డిగ్రీల మీద ఉందో, తీసి, మూడు నిమిషాల తర్వాత మళ్ళీ తీస్తే? ఆరు మైళ్ళ లోపు దూరంలో ఉండి నిజంగానే 1,500 గజాల్లో దాటిపోయే షిప్ అయితే, ఇవే స్పీడ్లకి, ఆ మూడు నిమిషాల్లో బేరింగ్ సుమారు 3 డిగ్రీలు మారుతుంది. గుద్దుకోబోయే షిప్ అయితే మారదు. 3 డిగ్రీలు కంటితో తేలిగ్గా చదవొచ్చు. 1:20కి ఒకటి, 1:23కి ఒకటి తీసి ఉంటే ఈ నంబర్ ఈ లైటుది కాదు అని తేలిపోయేది, ఇంకా ఏడు నిమిషాల పైనే టైం చేతిలో ఉండేది. బేరింగ్ మారకపోతే ప్రమాదం ఉన్నట్టే అని 7వ రూలు చెప్పేది ఇదే, చాలీచాలని సమాచారంతో, ముఖ్యంగా చాలీచాలని రాడార్ సమాచారంతో ఊహలు కట్టొద్దని చెప్పేదీ ఆ రూలే. ఇందులో నాకు నచ్చే గుణం ఏంటంటే, బేరింగ్ తీసేటప్పుడు మీరు చూసే లైటే మీరు కొలిచే లైటు. అసోసియేషన్ తప్పే అవకాశమే లేదు.

1:22కి జూనియర్ చెప్పిన సలహా సంగతి. స్పీడు తగ్గిద్దాం అన్నారు కదా, 20 నుంచి 10కి దించారనుకుందాం, షిప్ నెమ్మదించడానికి నిమిషమున్నర పోయిందనుకున్నా ఇంకో ఏడు నిమిషాలు సగం స్పీడులో పోయినట్టు. లెక్క వేస్తే క్రిస్టల్ వీళ్ళ ముందు నుంచి దాదాపు ముప్పావు మైలు దూరంలో దాటి ఉండేది. ముప్పావు మైలంటే ఆ 1,500 గజాలే. కుడికి తిప్పి దాని వెనక నుంచి పోయి ఉంటే ఇంకా బావుండేది, రూలు కూడా అదే కోరుతుంది, కానీ ఆ ఒక్క స్పీడు ఆర్డర్ కూడా సరిపోయేది. ప్రమాద సంకేతంగా ఊదే ఐదు చిన్న హారన్లు లేవు, వీహెచ్ఎఫ్ రేడియో మీద పిలుపు లేదు, కమాండింగ్ ఆఫీసర్‌కి కబురు లేదు.

తర్వాత ట్రాక్ చదివినవాళ్ళు

ఘటన అయ్యాక కూడా ఇదే పాఠం ఇంకోరకంగా కనబడింది. మొదట జపాన్ కోస్ట్ గార్డ్ టైం 2:20 ప్రాంతం అని చెప్పింది, ఎందుకంటే క్రిస్టల్ నుంచి రిపోర్టు ఆ టైంకి వచ్చింది. తర్వాత దాన్ని 1:30కి మార్చారు. ఏఐఎస్ ట్రాక్‌లో 1:30కి క్రిస్టల్ ఒక్కసారిగా పక్కకి తిరిగి, మళ్ళీ దాదాపు పాత దారి పట్టి తూర్పుకి పోయి, ఆ తర్వాత వెనక్కి తిరిగి వచ్చింది. నెట్‌లో చాలా మంది ఆ వెనక్కి తిరగడాన్ని చూసి అదే గుద్దడానికి ముందు మలుపు అనుకుని కథలు అల్లారు, కావాలని గుద్దిందని కూడా రాశారు. పొజిషన్లన్నీ సరైనవే. ఏ మలుపు దగ్గర ఏం జరిగిందో అతికించడంలోనే పొరపాటు. 

నా పనిలో ఇది ఏం మార్చింది

నేను ఇప్పుడు చేసే ప్రిడిక్షన్ పనిలో షిప్ పదిహేను నిమిషాల తర్వాత, గంట తర్వాత ఎక్కడ ఉంటుందో చెప్పాలి. పది పన్నెండు నిమిషాల దాకా ఇదే కోర్సు, ఇదే స్పీడు అనే సాదా లెక్కని ఓడించడం కష్టం, పెద్ద షిప్‌లు అంత తొందరగా మారవు. అరగంట దాటితే ఆ లెక్క పనికిరాదు, ఆ దారిలో ముందు పోయిన షిప్‌లు ఎక్కడ తిరిగాయో నేర్చుకున్న మోడల్ కావాలి. కుర్రాళ్ళు న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి సగటు తప్పు ఇంత తగ్గింది అని గ్రాఫ్ చూపిస్తారు. నేను అడిగేది ఒక్కటే, మలుపుల దగ్గర ఎంత? డేటాలో అత్యధిక భాగం షిప్‌లు నేరుగా పోతుండేదే, అక్కడ ఏ మోడల్ అయినా బాగానే ఉంటుంది, సగటు అందంగా వస్తుంది. మనుషులు చచ్చేది మలుపుల దగ్గర, క్రాసింగ్‌ల దగ్గర. అందుకే నా టీమ్‌లో మలుపు మొదలైన నిమిషం నుంచి తప్పుని వేరే లెక్క కట్టమంటా.

అలర్ట్ స్క్రీన్ మీద కూడా మార్పులు అడిగి చేయించా. సీపీఏ ఒక్క నంబర్‌గా కాకుండా ఒక పరిధిగా, 0.5 నుంచి 1.0 అన్నట్టు. పక్కనే అది రాడార్‌దా, ఏఐఎస్‌దా, రెండూ కలిసిందా. చివరి కొలత ఎన్ని సెకన్ల కిందటిది. అన్నిటికంటే ముఖ్యంగా, రాడార్‌లో ఎకో వస్తూ ట్రాక్ నిలబడని చోటుని ఖాళీగా వదలకుండా పసుపు గుర్తు పెట్టించా, ఇక్కడ ఏదో ఉంది, దీని సంగతి మాకు తెలియదు అని. దీని మీద వాదన పెద్దదే జరిగింది, స్క్రీన్ గజిబిజి అవుతుంది, ఆపరేటర్లు విసుక్కుంటారు అని. ఆ అభ్యంతరం నిజమే, రద్దీ పోర్టు ముందు పసుపు చుక్కలు దండిగా వస్తాయి. అయినా 1:10కి పట్టుకోలేకపోయిన ఆ ట్రాక్ గుర్తున్నంతకాలం నేను ఆ గుర్తుని తీయనివ్వను.

ఇదంతా మన తీరానికి తెచ్చి చూస్తే పని ఇంకా కష్టం. జూన్ 14తో వేట నిషేధం అయిపోగానే విశాఖ, కాకినాడ ముందు రాత్రిపూట బోట్లు ఒక్కసారిగా దిగుతాయి. పెద్ద మర పడవల్లో కొన్నిటికి క్లాస్ బీ ఏఐఎస్ (చిన్న పడవలకి ఉండే రకం) ఉంటుంది, అది కదిలేటప్పుడు కూడా సాధారణంగా 30 సెకన్లకోసారే పంపుతుంది. చెక్క, ఫైబర్ పడవలకి రాడార్ ఎకో అంతంతమాత్రం, తెప్పలకి అదీ ఉండదు. 2024లో మొదలైన ఇస్రో శాటిలైట్ ట్రాన్స్‌పాండర్ల పథకం సరంగులకి (బోటు నడిపేవాళ్ళకి) తుఫాను కబురు అందడానికీ ఆపదలో కబురు పంపడానికీ చాలా మేలు, కానీ అది పక్కన పోయే కంటైనర్ షిప్ ఆర్పా మీద టార్గెట్‌గా కనబడే పరికరం కాదు, ఈ తేడా మన కుర్ర ఆఫీసర్లకి తెలియాలి. పైగా వల వేసిన పడవ ఇదే కోర్సు, ఇదే స్పీడు అనే లెక్కకి లొంగదు, ఐదు నిమిషాలు ఆగుతుంది, తిరుగుతుంది, మళ్ళీ పోతుంది.

మొన్న విశాఖ వైపు మొదటిసారి వాచ్ చేయబోతున్న ఒక థర్డ్ ఆఫీసర్ ఫోన్ చేసి "అన్నా, సీపీఏ అలారం ఎంత పెట్టుకోను, ఒక మైలు పెడితే ఆగకుండా మోగుతుంది" అని అడిగాడు. అలారం మైలుకే పెట్టుకో, టీసీపీఏ పన్నెండు నిమిషాలు పెట్టుకో అన్నా. రాడార్ ఒకటి ఆరు మైళ్ళ రేంజ్ మీద, ఇంకోటి మూడు మీద ఉంచి, సీ క్లట్టర్ మరీ ఎక్కువ కోయకుండా, టార్గెట్లని ఆటో అక్విజిషన్ (మెషీన్ దానంతటదే పట్టడం) మీద వదిలేయకుండా చేత్తో పట్టుకో. మోగిన ప్రతిసారీ లుకౌట్‌ని పిలిచి, స్క్రీన్ మీద బేరింగ్ పైకి చదివి, ఆ బేరింగ్‌లో నీకు ఏ లైటు కనబడుతోంది అని అడుగు. అతను చెప్పిన లైటూ నువ్వు చూస్తున్న ట్రాకూ ఒకటైతేనే అలారం ఆపు. ఒకటి కాకపోతే స్పీడు తగ్గించి కెప్టెన్‌ని లేపు, ఎన్నిసార్లయినా సరే.